బాలుర స్థౌల్యము – దోషమెవ్వరిది?



నేటి ప్రసంగవిషయము నేను గ్రంథములలో వెదకి తెచ్చుకొన్నది కాదు. మా యింటి భోజనపు బల్ల దగ్గఱ పుట్టినది. గత వేసవి సెలవులలో నా మనుమడు తల్లిదండ్రులతో మా యూరు వచ్చెను. వానికి పదునొకండేండ్లు. వాని పాఠశాలవారు ఆరోగ్యపరీక్ష జరిపించి యొక కాగితము పంపియుండిరి. పిల్లవాని బరువు 58 కిలోలనియు, అది వాని యెత్తునకు వయస్సునకు తగినదానికంటె మిక్కిలి యెక్కువయనియు, వైద్యునకు చూపవలసినదనియు అందు వ్రాసియుండెను. ఆ కాగితము చుట్టును వాదము చెలరేగినది. "అడిగినదల్లా కొనిపెడితే ఇట్లాగే ఉంటుంది" అని మా యబ్బాయి. "నేను కొంటున్నానా? ఆ ప్రకటనలు కొనిపిస్తున్నాయా? ఫోను వాడి చేతికిచ్చింది ఎవరు?" అని మా కోడలు. కొంతసేపటికి ఆమె నా వంక తిరిగి, "మామయ్యగారూ, మీరు చరిత్ర చదివినవారు. మీరే చెప్పండి. తప్పు మాదా, ఆ కంపెనీలదా?" అని యడిగినది.

ముప్పదియేండ్లకు పైగా తరగతిగదిలో నిలిచినవాడను. ప్రశ్న వినబడినంతనే సమాధానము చెప్పుటకు అలవాటుపడిన నోరిది. ఆ దినమున అది పెగలలేదు. దానికొక కారణము కలదు. సందర్భము వచ్చినప్పుడు దాచక చెప్పెదను. ముందుగా, ఆమె యడిగిన ప్రశ్నకే యొక చరిత్ర యున్నదని తెలిసికొన్నాను. ఆ చరిత్రను మీకు విన్నవింతును.

ప్రాచీనులు స్థౌల్యమును ఎఱుగనివారు కారు. చరకసంహిత సూత్రస్థానమునందలి యిరువదియొకటవ యధ్యాయమునకు అష్టౌనిందితీయమని పేరు. దేహలక్షణముచేత నిందకు గుఱియగువారిని ఎనమండ్రను అచ్చట పేర్కొని, వారిలో అతిస్థూలుని, అతికృశుని ప్రత్యేకముగా విచారించిరి. ఇద్దఱిలో కృశుడే మేలని తీర్పు. స్థౌల్యమునకు చెప్పిన హేతువులలో మితిమీరిన భోజనము, గురు మధుర శీత స్నిగ్ధ పదార్థముల సేవనము, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర, చింతలేమి ముఖ్యములు. వీనితోపాటు బీజస్వభావమును కూడ చేర్చిరి. నేటి వైద్యులు వంశపారంపర్యమనునది అదియే. ఈ పట్టికను నేను రెండుమాఱులు చదివితిని. ఇందు తినువాడున్నాడు, కన్నవారున్నారు, అమ్మువాడు లేడు.

అమ్మువాని ప్రసక్తి ధర్మశాస్త్రములలో నున్నది. ఔషధము, నూనె, ఉప్పు, సుగంధద్రవ్యము, ధాన్యము, బెల్లము మున్నగువానిలో హీనపదార్థమును కలిపి యమ్మువానికి యాజ్ఞవల్క్యస్మృతి పదునాఱు పణముల దండనము విధించినది. కౌటిల్యుని యర్థశాస్త్రము ఇట్టి కల్తీకే పండ్రెండు పణములు చెప్పినది. యాజ్ఞవల్క్యమునకు విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాయగా, దానిని 13వ శతాబ్దమున మన మూలఘటిక కేతన తెలుగు చేసెను. కావున వర్తకుని బాధ్యత తెనుగువారికి క్రొత్తమాట కాదు. అయినను శిక్ష దేనికో గమనింపుడు. బెల్లములో ఇసుక కలిపినవానికి శిక్ష గాని, మంచి బెల్లమును బెల్లమనియే చెప్పి యమ్మినవానికి శిక్ష లేదు. దానిని కొన్నవాడు ఎంత తిన్నను ఆ యమ్మినవానికి దోషము లేదు. నేటి చిక్కంతయు ఇచ్చటనే యున్నది. మా మనుమడు తినునది చాలవఱకు కల్తీ సరకు కాదు. అచ్చమైన చక్కెర, అచ్చమైన నూనె, అచ్చమైన ఉప్పు.

తినువాని లెక్క వైద్యునొద్దను, అమ్మువాని లెక్క రాజునొద్దను వేర్వేఱుగా నుండుట పూర్వులకు సరిపోయినది. ఏలయనగా, పిల్లవాని కంచములోనికి వచ్చునది తల్లి వండినది. ఆమెకును బిడ్డకును నడుమ మాటలాడు మూడవ మనిషి లేడు. 1960లలో, 70లలో మా బడి ముంగిట చిఱుతిండ్లు లేకపోలేదు. రేగుపండ్లు, ఉప్పుకారము అద్దిన జామకాయ ముక్కలు, జీళ్ళు, పీచుమిఠాయి, ఎండకాలమున పుల్ల ఐసు. ఈగలు ముసిరిన ఆ జీళ్ళను నేనిప్పుడు పొగడబోను. తట్ట పెట్టుకొని కూర్చున్న అవ్వకు మాత్రము ఎవరు ఎవరి పిల్లవాడో తెలియును. జేబులోనుండి రెండవ అయిదుపైసల బిళ్ళ తీసినంతనే "మీ అమ్మతో చెప్తానుండు" అనెడిది. నా తోటివారిలో మధ్యాహ్నము ఆకలితో కూర్చున్నవారు పెక్కుమంది. బిడ్డ బొద్దుగా నున్నచో అది యింటి కలిమికి గుర్తు. తల్లి మురిసిపోయి సాయంకాలము దిష్టి తీసెడిది. ఆకలిని కన్నులార చూచిన తల్లులు అట్లు మురియుటను నేను తప్పు పట్టలేను.

ఆ మురిపెమునకు కొలబద్ద యొకటి బయటినుండి వచ్చినది. గ్లాక్సో యను పాలపొడి డబ్బాతో వచ్చిన బొద్దుబిడ్డ బొమ్మ, ఇంగ్లండులో 20వ శతాబ్దపు తొలి దశాబ్దములలోనే ప్రసిద్ధి కెక్కి, పిదప మన దేశమునకును వచ్చినది. "గ్లాక్సో బేబీ" అను మాట మన యిండ్లలో బుగ్గలు నిండిన బిడ్డకు పర్యాయపదమైపోయినది. మా తల్లిగారు చదువుకొన్నవారు కారు; ఆమెకును ఆ మాట తెలియును. బిడ్డ యెట్లుండవలెనో తల్లికి నేర్పువాడు అంతకుముందు అత్తగారో, అమ్మమ్మయో. ఇప్పుడు డబ్బాపై బొమ్మ నేర్పుచున్నది. మూడవ మనిషి ఇంటిలోనికి వచ్చినది ఇట్లని నా యభిప్రాయము.

ఆ డబ్బాపాల కథయే మా కోడలి ప్రశ్నకు మొదటి పెద్ద వ్యాజ్యము. 1974లో ఇంగ్లండునందలి వార్ ఆన్ వాంట్ అను సంస్థ "ది బేబీ కిల్లర్" అను చిన్న పుస్తకమును వెలువరించినది. పేదదేశములలో పాలపొడి కంపెనీలు సాగించు ప్రచారమువలన తల్లులు చనుబాలు మాన్పి, మురికినీటిలో పలుచగా కలిపిన పొడిపాలు పట్టుచున్నారనియు, బిడ్డలు అతిసారముతో చనిపోవుచున్నారనియు దాని సారము. స్విట్జర్లాండులో కొందఱు దానిని జర్మను భాషలోనికి తెచ్చి, శీర్షికలోనే నెస్లే కంపెనీని హంతకునిగా పేర్కొనగా, కంపెనీ పరువునష్టపు దావా వేసినది. 1976లో బెర్న్ నగర న్యాయాధీశుడు ఆ శీర్షిక పరువునకు భంగకరమేయని చెప్పి, ప్రచురించినవారికి స్వల్పమైన జుల్మానా వేసెను. వేసి, కంపెనీయు తన ప్రచారపద్ధతులను మార్చుకొనవలెనని హెచ్చరించెను. దావా గెలిచినవాడే తల వంచుకొని బయటికి వచ్చిన వింత ఘట్టమిది. మఱుసటియేడే అమెరికాలో ఆ కంపెనీ సరకుల బహిష్కారము మొదలైనది.

అప్పుడు కంపెనీల పక్షమువారు చెప్పిన సమాధానమును జాగ్రత్తగా వినుడు. పొడిలో దోషము లేదు, కలుపుటలో దోషమున్నది. నీరు కాచనిది తల్లి, పలుచగా కలిపినది తల్లి, సీసా కడుగనిది తల్లి. ఈ సమాధానము పూర్తిగా అబద్ధము కాదు. కాని నీరు కాచుటకు కట్టెలు, పొడి కొనుటకు రూకలు లేని తల్లికి, చనుబాలు పుష్కలముగా నున్న తల్లికి, ఆ డబ్బా అవసరమని ఎవరు చెప్పిరి? 1981 మే నెలలో జెనీవాలో ప్రపంచ ఆరోగ్యసభ చనుబాలకు బదులు వాడు పదార్థముల విక్రయమును గూర్చి నియమావళిని ఆమోదించినది. అనుకూలముగా 118 దేశములు, ప్రతికూలముగా ఒకటే. ఆ యొక్కటి అమెరికా.

భారతదేశము ఆ నియమావళిని చట్టము చేసినది. 1992లో పార్లమెంటు శిశువుల పాలపొడులను, పాలసీసాలను, శిశ్వాహారములను గూర్చిన చట్టమును చేయగా, 1993 ఆగస్టునుండి అది యమలులోనికి వచ్చినది. పాలపొడికి ప్రకటన లేదు. ఉచితముగా డబ్బాలు పంచుట లేదు. డబ్బాపై బిడ్డ బొమ్మ కాని, స్త్రీ బొమ్మ కాని వేయరాదు. తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమను మాట డబ్బాపైననే అచ్చువేయవలెను. 2003లో సవరణ చేసి, రెండేండ్లలోపు బిడ్డల కొఱకు అమ్ము ఆహారములకు కూడ ఈ నిషేధమును విస్తరింపజేసిరి. గ్లాక్సో బేబీకి మన దేశమున డబ్బాపై చోటు లేకపోయినది.

ఈ చట్టమునందు నన్ను ఆకర్షించినది దాని తర్కము. పాలపొడిని అది నిషేధింపలేదు, అవసరమున్నవారు కొనవచ్చును. తల్లిని శిక్షింపలేదు. తల్లి తప్పా, కంపెనీ తప్పా యని అది అడుగనే లేదు. బిడ్డ ఆహారమును గూర్చి తల్లితో మాటలాడు అధికారము ఎవరికున్నది, ఎవరికి లేదు అని మాత్రము నిర్ణయించినది. అయితే ఆ నిర్ణయమునకు రెండేండ్ల గడువు. బిడ్డకు రెండేండ్లు నిండి మఱునాడు తెల్లవాఱునప్పటికి ఆ కోట గోడ లేదు. ఆ బిడ్డకు మాటలు వచ్చు సరికి వర్తకుడు తల్లిని విడిచి నేరుగా వానితోనే మాటలాడవచ్చును.

పిల్లవానితో వర్తకుడు మాటలాడవచ్చునా యను ప్రశ్నపై అమెరికాలో పెద్ద పోరు జరిగినది. 1978లో వారి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, మైకేల్ పెర్ట్‌షుక్ అధ్యక్షుడుగా నుండగా, టెలివిజనులో పిల్లలకుద్దేశించిన ప్రకటనలను అరికట్టుటకు పూనుకొన్నది. ఎనిమిదేండ్లలోపు పసివారికి ప్రకటన యనగా అమ్మకపు మాటయని తెలియదు కావున వారికి అసలే చూపరాదనియు, అంతకు పెద్దపిల్లలకు దంతములు చెఱచు తీపిపదార్థముల ప్రకటనలు చూపరాదనియు ప్రతిపాదన. గమనింపుడు, అప్పటి భయము పండ్లు పుచ్చునని, లావెక్కుదురని కాదు. వర్తకులు, టెలివిజనువారు ఒక్కటై నిలిచిరి. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక యంతటిది కమిషనును దేశమునకంతకు దాదియని సంపాదకీయమున ఎగతాళి చేసినది. బిడ్డ కోరికను కాదనుట తల్లిదండ్రుల పని గాని ప్రభుత్వము పని కాదని వాదము. 1980లో అమెరికా కాంగ్రెసు చట్టము చేసి కమిషను చేతులు కట్టివేసినది. మఱుసటియేడు ఆ ప్రతిపాదన మూలబడినది. అదే 1980లో ప్రక్కనున్న కెనడాదేశపు క్విబెక్ రాష్ట్రము పదుమూడేండ్లలోపు పిల్లలకు ప్రకటనలే కూడదను శాసనమును యమలు జరిపినది. బొమ్మల కంపెనీ యొకటి ఎదురు తిరుగగా, 1989లో కెనడా సుప్రీంకోర్టు ఆ శాసనమునే నిలబెట్టినది. సరిహద్దునకు అటు ఇటు రెండు తీర్పులు!

ఇక నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన వ్యాజ్యము న్యూయార్కునగరమునందలిది. 2002లో బ్రాంక్స్ ప్రాంతపు బాలికలు ఇద్దఱు, తలిదండ్రుల ద్వారా, మెక్‌డొనాల్డ్స్ కంపెనీపై దావా వేసిరి. చిన్ననాటినుండి అక్కడి తిండి తినుటవలన స్థూలకాయము, తత్సంబంధమైన రోగములు వచ్చినవని ఫిర్యాదు. విచారించిన న్యాయాధీశుని పేరు రాబర్ట్ స్వీట్. పేరులోనే మాధుర్యమున్నది, తీర్పులో అంత లేదు. 2003 జనవరిలో ఆయన దావాను కొట్టివేసెను. ఆ తిండి మితిమీరి తిన్నచో దేహమునకు చెఱుపని ఎఱిగినవాడు, లేదా ఎఱుగవలసినవాడు, తానే తిని చెడినప్పుడు అమ్మినవానిని నిందింపరాదని సిద్ధాంతము. నాకు ఇది చరకుని పట్టికవలెనే తోచినది: ఇందును తినువాడే యున్నాడు.

కాని అదే తీర్పులో ఆయన యొక కిటికీ తెఱచి యుంచెను. కోడిమాంసపు ముద్దలవంటి ఒక పదార్థమును ఉదహరించి, ఇది పెనముపై వేయించిన కోడిమాంసము వంటిది కాదనియు, ఇంట వండువారు ఎన్నడును వాడని ద్రవ్యములతో కూర్చినదనియు, దానిలో నేమున్నదో మామూలు మనిషికి తెలియుననుట కష్టమనియు సూచించెను. అనగా, తెలిసి తిన్నవానికే దోషమన్నచో, తెలియుటకు వీలున్నదా యని ముందు చూడవలెనన్నమాట. వాదులు ఫిర్యాదును దిద్ది తెచ్చిరి. సెప్టెంబరులో ఆయన దానిని కూడ కొట్టివేసెను. 2005లో పై కోర్టు కొంత భాగమును బ్రతికించినది. 2010లో, అనేకుల పక్షమున ఉమ్మడిగా దావా నడుపుటకు అనుమతి లేదనుటతో అది చల్లాఱినది. ఈలోపల 2004లోను 2005లోను అమెరికా ప్రతినిధిసభ ఇట్టి దావాలే వేయరాదని బిల్లులు ఆమోదించినది. సెనేటులో అవి నెగ్గలేదు. ఇరువదికి పైగా రాష్ట్రములు మాత్రము అట్టి చట్టములను చేసికొన్నవి. ఆ ప్రతినిధిసభ బిల్లునకు పెట్టిన పేరులో "వ్యక్తిగత బాధ్యత" యను మాట యున్నది. మాట మంచిదే. పదునొకండేండ్లవానికి అది ఎంతవఱకు వర్తించునో బిల్లు వ్రాసినవారు చెప్పలేదు.

"ఎఱుగవలసినవాడు" అను పదమును గూర్చి మఱియొక సంగతి. 1967లో అమెరికాలోని ప్రసిద్ధ వైద్యపత్రికలో హార్వర్డు శాస్త్రజ్ఞులు వ్రాసిన సమీక్ష యొకటి వెలువడినది. గుండెజబ్బు విషయమున చక్కెరపై నిందను తేలికచేసి, కొవ్వుపై దృష్టి నిలిపినది. ఆ రచనకు చక్కెర వర్తకుల పరిశోధనాసంఘము ధనమిచ్చినదని 2016లో పాతకాగితములను బట్టి బయటపడినది. దాదాపు ఏబది యేండ్లు! పండితులకే నిజము మఱుగుపడినప్పుడు వంటయింటి తల్లి యెఱుగవలసినదనుట ఎట్లు?

చిలీ దేశము ఆ యెఱుకను పొట్లము పైననే అచ్చువేయించినది. 2012లో చేసిన చట్టమును 2016 జూనునుండి యమలు జరిపిరి. చక్కెర, ఉప్పు, కొవ్వు, శక్తి హద్దు మీరిన ప్రతి పొట్లముపై ఎనిమిది మూలల నల్లని గుర్తు వేసి, ఏది అధికమో పెద్ద అక్షరములతో చెప్పవలెను. ఆ గుర్తున్నవానిని బడిలో నమ్మరాదు. పదునాలుగేండ్లలోపు పిల్లలకు ప్రకటింపరాదు. పెట్టెలపై పిల్లలను మురిపించు పులులు, కుందేళ్ళు ఉండరాదు. తొలి విడతలో గుర్తుపడిన పానీయముల కొనుగోలు దాదాపు 24 శాతము తగ్గినదని పరిశోధకులు లెక్కగట్టిరి. ఇంగ్లండులో 2018 ఏప్రిలునుండి తీపిపానీయములపై చక్కెర పాలునుబట్టి పన్ను వేయగా, ఆ పన్ను తప్పించుకొనుటకు కంపెనీలే చక్కెర తగ్గించుకొన్నవి. ఒక గుర్తుతో, ఒక పన్నుతో దేహములు సన్నగిల్లవు. కాని తల్లిదండ్రులలో నొక్కరు కూడ మాఱకుండగనే సీసాలోని చక్కెర తగ్గినదన్నచో, దోషమంతయు వారిదే యనువాదము నిలువదు గదా.

మన దేశమున ఈ సమస్య ఆకలితో కలసి యున్నది. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేండ్లలోపు పిల్లలలో అధికబరువు గలవారు 2.1 శాతము, 2019–21 సర్వేలో 3.4 శాతము. అదే రెండవ సర్వేలో వయస్సునకు తగిన యెత్తు లేనివారు 35.5 శాతము. బక్కబిడ్డయు బొద్దుబిడ్డయు ఒకే వీధిలో, ఒక్కొక్కప్పుడు ఒకే యింటిలో నున్నారు. 2025లో యూనిసెఫ్ ప్రకటించిన లెక్క ప్రకారము ప్రపంచమున 5 మొదలు 19 ఏండ్లవఱకుగల వారిలో స్థూలకాయులు 9.4 శాతము, తక్కువబరువు గలవారు 9.2 శాతము. స్థూలకాయులు తక్కువబరువువారిని మించుట ఇదియే మొదటిసారి.

2010లో ఉదయ్ ఫౌండేషన్ అను సంస్థ పాఠశాలలలోను వాని పరిసరములలోను ఇట్టి తిండ్లు అమ్మరాదని ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము వేసినది. 2015లో తీర్పు వచ్చినది. 2020లో ఆహారభద్రతాసంస్థ నియమములు చేసినది: కొవ్వు, ఉప్పు, చక్కెర అధికముగా గలవానిని పాఠశాలలోను, దాని ద్వారమునుండి ఏ దిక్కుననైనను 50 మీటర్లలోపలను అమ్మరాదు, ప్రకటింపరాదు. పది యేండ్లకు ఏబది మీటర్లు. మా బడి గేటు ముందు నిలిచి అడుగులు వేసి చూచితిని. డెబ్బది యడుగుల కంటె తక్కువలోననే దుకాణమున్నది, దాని చూరునుండి అయిదు రూపాయల పొట్లములు దండలు దండలుగా పిల్లల కన్నుల యెత్తున వ్రేలాడుచున్నవి. 2025లో కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి తన పాఠశాలలలో చక్కెర పలకలు పెట్టుమని యుత్తరువు చేసినది. పిల్లలకు దినమున అందు శక్తిలో చక్కెర పాలు 5 శాతమే యుండదగినది కాగా, 4 మొదలు 10 ఏండ్లవారు 13 శాతము, 11 మొదలు 18 ఏండ్లవారు 15 శాతము తినుచున్నారని అందు పేర్కొనిరి.

ఇప్పుడు నా కారణము చెప్పెదను. 2006లో నేను ఒక యున్నతపాఠశాలలో తెలుగు పండితుడను, కొన్ని నెలలు ప్రధానోపాధ్యాయుని బాధ్యత కూడ నాదే. పాలలో కలుపుకొను తీపిపొడి కంపెనీవారు వచ్చి, పిల్లలకు ప్రశ్నోత్తరముల పోటీ పెట్టుదుమనిరి. అందుకు బదులుగా బడికి పది బల్లలు, ఒక మంచినీటి తొట్టి. ఆ యేడు గ్రాంటు రాలేదు. ఆఱవ తరగతి పిల్లలు నేలపై కూర్చుండుచుండిరి. ఒప్పుకొంటిని. సభాస్థలమున వారి గుడ్డ జెండా కట్టిరి. ప్రతి పిల్లవానికి ఒక చిన్న పొట్లము పంచిరి. వందనసమర్పణము నా వంతు. ఉత్సాహమున ఒక కందపద్యము చెప్పి, ఆ పొడిని ఆరోగ్యపానీయమని పొగడితిని. ఆ శబ్దము యతికి చక్కగా కుదిరినదని లోలోపల సంతోషించితిని. పిల్లలు చప్పట్లు కొట్టిరి. అనంతరము 2024 ఏప్రిలులో కేంద్ర వాణిజ్యశాఖవారు, ఆహారభద్రతాచట్టమున "ఆరోగ్యపానీయము" అను దానికి నిర్వచనమే లేదు కావున, ఇట్టి పానీయములను ఆ శీర్షిక క్రింద అమ్మరాదని ఇంటర్నెట్టు వర్తకులకు చెప్పిరి. పత్రికలో ఆ వార్త చదివిననాడు నా పద్యము నాకు జ్ఞప్తికి వచ్చినది. కంపెనీ కోరినది బల్లలు పెట్టుకొనుటకు చోటు కాదు; పంతులు నోట ఆ మాట. బల్లల కొఱకు నేనా మాటను అమ్మితిని.

కోడలికి నేను చెప్పిన సమాధానము ఇది. "ఇంటిలోకి వచ్చినదానికి మీరిద్దరూ. ఆటస్థలం మానిపించి ట్యూషను పెట్టించినదానికి, అన్నం తినేటప్పుడు ఫోను చేతికిచ్చినదానికీ మీరే. మీరు లేనప్పుడు మీ బిడ్డతో మాట్లాడినదానికి వాళ్లు. వాళ్లను బడిలోకి రానిచ్చినదానికి నేను." మా యబ్బాయి నవ్వినాడు. ఆమె నవ్వలేదు. "కూలికి పోయే తల్లి ఉంది, మామయ్యగారూ. ఏడుపు మానిపించడానికి ఐదు రూపాయల ప్యాకెట్టు చేతిలో పెట్టి పోతుంది. ఆమె లెక్క ఎవరి పద్దులో వేస్తారు?" అన్నది. మరల నాకు నోరు పెగలలేదు. ఆ తల్లికి 1992 చట్టమువంటి గోడ ఒకటి కావలెనని ఇప్పుడు చెప్పగలను. ఏడ్చుచున్న బిడ్డకు ఆ గోడ అన్నము పెట్టదని కూడ ఎఱుగుదును.

మఱునాటి సాయంకాలము మనుమని వెంటబెట్టుకొని నడకకు పోతిని. దుకాణము ముందు వాడు నిలిచెను. కొననని చెప్పి, పొట్లము వెనుకనున్నది చదువుమంటిని. అక్షరములు ఆవగింజలంత, వాని కన్నులు చిన్నవి కావున చదువగలిగెను. బంగాళదుంప, తాటినూనె, ఉప్పు, చక్కెర వఱకు గడగడ చదివి ఆగినాడు.

"తాతయ్యా, మాల్టోడెక్స్‌ట్రిన్ అంటే ఏమిటి?"

అమరము కంఠస్థముగా వచ్చినవాడను. నిఘంటువులతో జీవితము గడపినవాడను. తెలియదంటిని. వాడు పొట్లమును మరల దండకు తగిలింపలేదు, కొనిపెట్టుమని అడుగనూ లేదు. చేత పట్టుకొని, "నీకు కూడా తెలియదా?" అని నా ముఖము వంక చూచెను.